దొంగ అనే పేరు ఎవరికి చెందుతుంది?

(బుద్ధ పూర్ణిమ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభలో ఆంధ్రదేశపు బౌద్ధక్షేత్రాలను గురించి మాట్లాడవలసిందిగా సంఘం వారు మమ్మల్ని కోరారు. చరిత్ర పాఠాలు చెప్పుకునే మాబోటి వారికి అది చేతికందిన విషయం. అమరావతి, భట్టిప్రోలు, నాగార్జునకొండ, శాలిహుండం అంటూ గంటసేపు సులభంగానే మాట్లాడగలం. అయినా కార్యదర్శిగారి అనుమతితో విషయాన్ని మార్చుకున్నాము. శిలలను గురించి చెప్పడానికి ముందు, చాలా కాలంగా మా మనసులో శిలలాగా కూర్చున్న ఒక సంఘటనను మీ ముందుంచాలి.

కొన్నేళ్ళ క్రితం మేము పనిచేసిన ఒక కళాశాల వసతిగృహంలో ఒక విద్యార్థి ఫోనూ, పరీక్ష రుసుముకని దాచుకున్న డబ్బూ పోయాయి. పిల్లలు గోల చేశారు. వార్డెను వచ్చారు. కానిస్టేబులు వచ్చాడు. నలభై గదులున్న ఆ వసతిగృహంలో మొట్టమొదట తెరిపించిన పెట్టె ఒక ఎరుకల కుర్రవాడిది. అతడి ఊరేదని కానిస్టేబులు అడిగాడు. పేరు చెప్పగానే పక్కవాడి ముఖం చూసి నవ్వాడు. పెట్టెలో రెండు చొక్కాలు, ఒక దుప్పటి, మా పాఠం నోట్సు ఉన్నాయి. పోయిన సొత్తు మూడు రోజుల తరువాత మరొక చోట దొరికింది. దొరికిందా లేదా అన్నది ఇక్కడ ముఖ్యం కాదు. ఆ సమయాన మేమూ, మరి ఇద్దరు అధ్యాపకులూ ఆ గది గుమ్మంలోనే నిలబడి ఉన్నాము. ఆ కుర్రవాడి పెట్టే మొదట ఎందుకు తెరవాలని మాలో ఒక్కరమైనా అడగలేదు. ఆ వారమే తరగతిలో మేము చెప్పిన పాఠం 1871 నాటి నేరస్థ తెగల చట్టం.

ఈనాటి ప్రసంగం ఆ మౌనానికి ఆలస్యంగా చెప్పుకుంటున్న సంజాయిషీ అనుకోండి.

పోలీసు వ్యవస్థలో జాతి వివక్ష అనగానే మన చూపు సముద్రాలు దాటిపోతుంది. 2020 మే నెలలో అమెరికాలోని మినియాపొలిస్ వీధిలో జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతీయుడు పోలీసు మోకాలి కింద ఊపిరాడక మరణించినప్పుడు మన పత్రికలన్నీ సంపాదకీయాలు రాశాయి. రాయవలసిందే. అయితే ఒక మనిషిని అతడి పుట్టుకను బట్టి అనుమానించి, పుట్టుకను బట్టి నిర్బంధించే పనిని చట్టంగా రాసి, రిజిస్టర్లు పెట్టి, వేలిముద్రలు తీసి, ఎనిమిది దశాబ్దాల పాటు నడిపిన నేల మనది. దాని సంగతి మాట్లాడుకోవడానికి ఈ సభకంటె తగిన చోటు లేదని మా అభిప్రాయం. ఎందుకంటే ఈ ప్రశ్న బుద్ధుని శిష్యుల ముందుకు ఇదే రూపంలో వచ్చింది. దానికి వారు సమాధానమూ చెప్పారు.

మజ్ఝిమ నికాయంలో మధుర సుత్తం అని ఒకటి ఉన్నది. బుద్ధుని పరినిర్వాణం తరువాతి కాలం. మధురా నగరం వెలుపల గుందవనంలో మహాకచ్చాయన స్థవిరుడు విడిది చేసి ఉన్నాడు. అవంతిపుత్ర మహారాజు ఆయన దర్శనానికి వచ్చి, బ్రాహ్మణులే శ్రేష్ఠవర్ణమని, తక్కినవారు హీనులని అంటున్నారు, మీరేమంటారని అడిగాడు. కచ్చాయనుడు ఉపన్యాసం చెప్పలేదు. రాజుకు తెలిసిన విషయాలనే ఒక్కొక్కటిగా ప్రశ్నలు వేశాడు. వాటిలో ఒకటి దండనీతికి సంబంధించినది. క్షత్రియుడొకడు ఇళ్ళకు కన్నం వేసి, దారి దోపిడీ చేసి పట్టుబడితే, మహారాజా, నీవేమి చేస్తావని అడిగాడు. చంపిస్తాను, లేదా జరిమానా వేస్తాను, లేదా దేశం నుంచి వెళ్ళగొడతాను అన్నాడు రాజు. కారణమూ ఆయనే చెప్పాడు. ఇంతకు ముందు అతడికి క్షత్రియుడనే పేరు ఉండేది, ఆ పేరు ఇప్పుడు పోయింది, ఇక అతడి పేరు దొంగ. మరి బ్రాహ్మణుడు అదే పని చేస్తే? వైశ్యుడు చేస్తే? శూద్రుడు చేస్తే? నలుగురి విషయంలోనూ రాజు సమాధానం ఒక్కటే. అట్లయితే నలుగురూ సమానులే కదా అన్నాడు స్థవిరుడు. రాజు ఒప్పుకున్నాడు.

మిత్రులారా, ఈ చిన్న సంభాషణను మామూలుగా మనం వర్ణఖండన అని చదివి ముందుకు పోతాము. ఒక చరిత్ర విద్యార్థిగా చూస్తే ఇందులో నేరన్యాయ సూత్రం ఒకటి కనిపిస్తుంది. దొంగ అనే పేరు దొంగతనం చేసిన తరువాత వచ్చే పేరు. చేసినవాడికే వచ్చే పేరు. అది తండ్రి నుంచి కొడుకుకు దిగదు, ఊరి నుంచి ఊరివాళ్ళకు అంటదు. అదే విధంగా, పుట్టుక ఎంత గొప్పదైనా ఆ పేరు రాకుండా కాపాడలేదు.

దీనికి ఎదురుగా మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయాన్ని పెట్టి చూడండి. ఎంత పాపం చేసినా బ్రాహ్మణుని చంపరాదని, ఇతరులకు ప్రాణదండన విధించే చోట అతడికి శిరోముండనం చాలునని అందులో ఉన్నది. అక్కడ న్యాయాధికారి వేసే మొదటి ప్రశ్న "నీవెవరివి?" కచ్చాయనుడు రాజు చేత వేయించిన ప్రశ్న "ఏమి చేశావు?" భారతదేశపు న్యాయచరిత్ర మొత్తం ఈ రెండు ప్రశ్నల మధ్య పెనుగులాట అని మేము తరగతిలో చెబుతూ ఉంటాము.

రెండవ ప్రశ్న వైపు నిలబడిన పరిపాలకుడు అశోకుడు. తన పట్టాభిషేకం తరువాత ఇరవై ఆరవ ఏట వేయించిన నాలుగవ స్తంభ శాసనంలో విచారణలో సమత, దండనలో సమత ఉండాలని రాయించాడు. మరణశిక్ష పడినవారికి మూడు రోజుల గడువు ఇప్పించాడు. కళింగంలో ధౌలి, జౌగడల వద్ద ఉన్న ప్రత్యేక శాసనం ఇంకా ఆశ్చర్యకరమైనది. కారణం లేకుండానే ఒక మనిషి చెరసాల పాలు కావచ్చునని, అతడి కోసం మరెందరో దుఃఖిస్తారని చక్రవర్తే తన అధికారులకు గుర్తు చేశాడు. అసూయ, కోపం, క్రూరత్వం, తొందరపాటు, సోమరితనం, అలసట అనేవి అధికారి న్యాయబుద్ధిని చెడగొడతాయని జాబితా ఇచ్చాడు. ఇది జరుగుతున్నదో లేదో చూడడానికి ఐదేళ్ళకొకసారి పెద్ద అధికారిని పంపుతానన్నాడు. తన పోలీసు పొరపాటు చేయగలదని రాతిమీద చెక్కించిన ప్రభువు అతడు. మరణశిక్షను అతడు రద్దు చేయలేదన్నదీ నిజమే. ఉన్నది ఉన్నట్టు చెప్పుకోవాలి.

ఇక 1871కి వద్దాము.

ఆ ఏడాది అక్టోబరు 12న బ్రిటిషు ప్రభుత్వం క్రిమినల్ ట్రైబ్స్ యాక్టును, అంటే నేరస్థ తెగల చట్టాన్ని తెచ్చింది. దాని వెనుక ఉన్న తర్కం తెలుసుకోదగినది. ఈ దేశంలో వడ్రంగం, నేత కులవృత్తులుగా తండ్రి నుంచి కొడుకుకు వస్తున్నాయి కనుక, కొన్ని కులాలకు నేరమే కులవృత్తి అయి ఉండాలని పాలకులు వాదించారు. చూశారా, వర్ణధర్మం ఇచ్చిన కొలబద్దనే తెల్లవాడు చేతికి తీసుకున్నాడు. దానికి తన దేశంలో అప్పుడు ప్రబలుతున్న జాతిశాస్త్రాన్ని జోడించాడు. తరువాతి తరంలో హెర్బర్ట్ రిజ్లీ వంటి అధికారులు ముక్కు పొడవు వెడల్పులు కొలిచి కులాలకు అంతస్తులు నిర్ణయించారు. 1897లో వేలిముద్రల కార్యాలయం కలకత్తాలో వెలసింది. మనిషి ఏమి చేశాడన్నది చూడకుండా, అతడి ఎముకలోనూ నెత్తురులోనూ నేరం వెతికే శాస్త్రం ఈ విధంగా తయారయింది. జాతివివక్ష అనే మాటకు ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణ ప్రపంచంలో అరుదు.

ఆ చట్టం పనిచేసిన తీరు ఇది. ఒక తెగ నేరాలకు అలవాటుపడినదని స్థానిక ప్రభుత్వం నమ్మితే చాలు, ప్రకటన వెలువడుతుంది. ఆ ప్రకటన సరియైనదా కాదా అని ఏ న్యాయస్థానమూ ప్రశ్నించరాదు. తెగలోని మనుషులను రిజిస్టరులో ఎక్కిస్తారు. ఊరు దాటాలంటే పాసు కావాలి. పాసు లేకుండా కనబడితే వారంటు లేకుండానే పట్టుకోవచ్చు. మొదట ఉత్తర భారతానికి పరిమితమైన ఈ చట్టాన్ని 1911లో దేశమంతటికీ, అంటే మన మద్రాసు రాజధానికి కూడా విస్తరించారు. వేలిముద్రలు తీసుకోవడం, నిర్బంధ సెటిల్‌మెంట్లలో ఉంచడం, పిల్లలను తల్లిదండ్రుల నుంచి విడదీయడం కూడా అందులో చేరాయి. తెల్లవారకముందే పుట్టిన బిడ్డ తెల్లవారేసరికి అనుమానితుడు. ఏ నేరమూ చేయకుండా నేరస్థుడు.

మన ఎరుకలవారి సంగతి తీసుకోండి. వీరిలో అనేకులు పూర్వం ఎద్దుల మీద, గాడిదల మీద ఉప్పు వేసుకుని కోస్తా నుంచి లోపలి సీమలకు వెళ్ళి, ధాన్యం తీసుకుని తిరిగి వచ్చేవారు. ఉప్పు మీద సర్కారు గుత్తాధిపత్యం వచ్చింది. రైళ్ళు వచ్చాయి. ఉప్పు బండెక్కింది, ఎరుకలవారి గాడిద ఖాళీగా నిలబడింది. బుట్టలల్లుకుందామంటే అడవి చట్టాలు వెదురుకు అడ్డం వచ్చాయి. ఈ పరిణామాన్ని మీనా రాధాకృష్ణ అనే చరిత్రకారిణి లోతుగా పరిశోధించి పుస్తకం రాశారు. బ్రతుకుతెరువు తీసివేసిన ప్రభుత్వమే, బ్రతుకుతెరువు లేక తిరుగుతున్నారు కనుక వీరు దొంగలని ప్రకటించింది. బాపట్ల ప్రాంతంలో సాల్వేషన్ ఆర్మీ నడిపిన సెటిల్‌మెంటుకు మద్రాసు గవర్నరు కార్యనిర్వాహక మండలి సభ్యుడైన హెరాల్డ్ స్టూవర్టు పేరు పెట్టారు. అదే స్టూవర్టుపురం. ఒక అధికారి గౌరవార్థం పెట్టిన ఆ పేరు తెలుగునాట దొంగతనానికి మారుపేరయిపోయింది. 1991లో అది సినిమా పేరులోకి కూడా ఎక్కింది. ఆ ఊరి పిల్లలు ఉద్యోగ దరఖాస్తులో చిరునామా రాయడానికి జంకుతారంటే ఆశ్చర్యమేమున్నది?

ఈ అన్యాయం మీద మాట్లాడినవారు మన నేలమీదనే ఉన్నారు. యానాదుల మధ్య జీవితాంతం పనిచేసిన నెల్లూరు జిల్లా వాసి వెన్నెలకంటి రాఘవయ్యగారిని తలచుకోవాలి. 1936లో నెల్లూరుకు వచ్చిన జవహర్‌లాల్ నెహ్రూ ఈ చట్టాన్ని రాక్షసమైనదని, పౌరస్వేచ్ఛకు విరుద్ధమైనదని ఖండించారు. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత చట్టాన్ని పరిశీలించిన సంఘానికి అధ్యక్షుడు తిరుచానూరుకు చెందిన మాడభూషి అనంతశయనం అయ్యంగారు. తరువాతి కాలంలో స్టూవర్టుపురంలో మార్పు కోసం ఏళ్ళ తరబడి శ్రమించిన హేమలతా లవణంగారు మహాకవి గుర్రం జాషువా కుమార్తె. అంటరానితనపు చేదును తండ్రి పద్యంలో పెడితే కుమార్తె ఆ చేదు తాగిన మరొక సమూహం దగ్గరకు నడిచి వెళ్ళింది.

మద్రాసు రాష్ట్రంలో 1947లోనే, దేశమంతటా 1952 ఆగస్టు 31న నేరస్థ తెగల చట్టం రద్దయింది. ఆ తెగలవారు నేటికీ ఆగస్టు 31ని విముక్తి దినంగా జరుపుకుంటున్నారు. దేశానికి పంద్రాగస్టు వచ్చిన ఐదేళ్ళకు వారికి స్వాతంత్ర్యం వచ్చిందన్నమాట.

కానీ చట్టం పోయినంత త్వరగా రిజిస్టరు పోలేదు. రాష్ట్రాలు ఒకదాని వెంట ఒకటి అలవాటుపడ్డ నేరస్థుల చట్టాలు తెచ్చాయి. మద్రాసు 1948లో తెచ్చింది, ఆంధ్రప్రదేశ్ 1962లో తెచ్చింది. కాగితం మీద వీటిలో కులం పేరు లేదు. ఇన్నిసార్లు శిక్షపడినవాడు అనే నిర్వచనమే ఉన్నది. అంటే "ఎవరివి?" అనే ప్రశ్న తొలగి "ఏమి చేశావు?" అనే ప్రశ్న వచ్చినట్టే కనబడుతుంది. కానీ ఠాణాలో కూర్చున్న మనిషి మారలేదు, అతడి చేతిలో ఉన్న పాత జాబితా మారలేదు. హిస్టరీ షీటు, సస్పెక్టు షీటు అనే పేర్లతో నిఘా సాగింది. మనం ఆకతాయి పిల్లలను ముద్దుగానో కోపంగానో "కేడీ" అంటాము. అది పోలీసు రిజిస్టరులో పాత నేరస్థుల పేర్ల పక్కన వేసే రెండు ఇంగ్లీషు అక్షరాల నుంచి వచ్చిన మాట అని చెబుతారు. ఠాణా రిజిస్టరు మన నాలుక మీదికి కూడా ఎక్కి కూర్చున్నదన్నమాట.

దీని ఫలితం ఎట్లా ఉంటుందో మూడు ఉదాహరణలు చెబుతాము. మూడూ న్యాయస్థానాల రికార్డుకు ఎక్కినవే.

మొదటిది పశ్చిమ బెంగాలులోని పురూలియా జిల్లాకు చెందినది. 1998 ఫిబ్రవరిలో ఖేరియా సబర్ తెగకు చెందిన బుధన్ సబర్ అనే యువకుడిని పోలీసులు పట్టుకుపోయారు. అతడు నిర్బంధంలోనే మరణించాడు. ఆత్మహత్య అన్నారు. రచయిత్రి మహాశ్వేతాదేవి, ఆ తెగ సంక్షేమ సంఘం కలకత్తా హైకోర్టుకు వెళ్ళారు. ఆ కుటుంబానికి పరిహారం ఇవ్వాలని, సీబీఐ విచారణ జరపాలని కోర్టు ఆదేశించింది. అహమ్మదాబాదులోని ఛారానగర్ అనే పూర్వపు సెటిల్‌మెంటు యువకులు ఆ కథనే నాటకంగా ఆడారు, తమ నాటక సమాజానికి బుధన్ పేరే పెట్టుకున్నారు.

రెండవది మహారాష్ట్రకు చెందినది. 2003లో అక్కడ ఒక కుటుంబం మీద ఘోరమైన దాడి జరిగింది. ఐదుగురు హతులయ్యారు. సంచార తెగకు చెందిన ఆరుగురు కూలీలను పోలీసులు నిందితులుగా చూపారు. విచారణ కోర్టు 2006లో ఆరుగురికీ ఉరిశిక్ష వేసింది. హైకోర్టు ముగ్గురికి యావజ్జీవంగా తగ్గిస్తే, 2009లో సుప్రీంకోర్టు మళ్ళీ ఆరుగురికీ ఉరి ఖరారు చేసింది. ఆ తరువాత పునఃపరిశీలన జరిగింది. 2019 మార్చి 5న అదే సుప్రీంకోర్టు ఆరుగురూ నిర్దోషులని విడుదల చేసింది. ప్రాణాలతో మిగిలిన ప్రత్యక్షసాక్షి పోలీసుల ఫోటోలలో మొదట గుర్తుపట్టిన మనుషులు వేరు. వారి మీద దర్యాప్తే జరగలేదు. నిందితులు అట్టడుగు సంచార తెగలవారని, వారిని అన్యాయంగా ఇరికించే అవకాశం ఉన్నదని కోర్టే రాసింది. ఒక్కొక్కరికి ఐదు లక్షల రూపాయల పరిహారం ఇప్పించింది. పదహారేళ్ళ జైలు, అందులో చాలా ఏళ్ళు ఉరికంబం నీడలో. ఇక్కడ మరొక సంగతి గమనించండి. అన్యాయం ఆ ఆరుగురికే జరగలేదు. ఆ ఐదుగురి హంతకులు ఎవరో తేలకుండా పోయింది. పుట్టుకను చూసి దొంగను పట్టే పద్ధతిలో అసలు దొంగ ఎప్పుడూ తప్పించుకుంటాడు.

మూడవది జైలు లోపలి మాట. 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి డి.వై. చంద్రచూడ్ నాయకత్వంలోని ధర్మాసనం, సుకన్యా శాంత అనే పాత్రికేయురాలు వేసిన పిటిషను మీద తీర్పు చెప్పింది. స్వతంత్ర భారతంలోని జైలు నియమావళులు ఖైదీల కులాన్ని బట్టి పనులు పంచుతున్నాయని ఆమె బయటపెట్టారు. వంట ఫలానా కులాలవారు చేయాలి, పాకీపనికి ఫలానా కులాల నుంచి మనుషులను తీసుకోవాలి అని పశ్చిమ బెంగాలు నియమావళి పేర్లతో సహా చెప్పింది. సంచార తెగలవారిని, విముక్త జాతులవారిని పుట్టుకతోనే అలవాటుపడ్డ నేరస్థులుగా లెక్కగట్టే నిబంధనలు మరికొన్ని రాష్ట్రాలలో ఉండేవి. మన ఆంధ్రప్రదేశ్ 1979 నాటి కారాగార నియమాలూ ఆ విచారణలో ప్రస్తావనకు వచ్చాయి. ఇవన్నీ రాజ్యాంగ విరుద్ధమని కోర్టు కొట్టివేసింది. జైలు రిజిస్టర్లలో కులం గడిని తీసివేయమన్నది. రాజ్యాంగం వచ్చిన డెబ్బై నాలుగేళ్ళకు జైలు చీపురుకు కులం పోయింది. అదే ఏడాది మే నెలలో మరొక తీర్పులో, వెనుకబడిన సమూహాలవారి పేర్లను కులం చూసి యాంత్రికంగా హిస్టరీ షీట్లలో ఎక్కించరాదని అదే న్యాయస్థానం రాష్ట్రాలను హెచ్చరించింది.

సంఖ్యలు అడిగేవారికి ఒక్క మాట. మన జైళ్ళలోని ప్రతి నలుగురిలో సుమారు ముగ్గురు ఇంకా శిక్షపడని విచారణ ఖైదీలు. 2011 జనగణనలో షెడ్యూల్డు కులాలవారు 16.6 శాతం, షెడ్యూల్డు తెగలవారు 8.6 శాతం. జైలు గణాంకాలు తీసి చూడండి, అక్కడ వారి వాటా ఇంతకు మించే కనబడుతుంది. విముక్త జాతులవారికైతే ప్రత్యేకమైన లెక్కే లేదు. కొందరు తెగలలో, కొందరు కులాలలో, కొందరు వెనుకబడిన తరగతులలో చెదిరి ఉన్నారు. అనుమానించేటప్పుడు ఒక్కటిగా కనబడే మనుషులు, లెక్కపెట్టేటప్పుడు కనబడకుండా పోతారు. ఈ చూపు ఒక్క విముక్త జాతుల మీదనే ఉన్నదని కూడా అనుకోవద్దు. 2019లో కామన్ కాజ్, లోక్‌నీతి సంస్థలు పోలీసు సిబ్బందినే ప్రశ్నించి చేసిన అధ్యయనంలో, దాదాపు సగం మంది ముస్లిములు స్వభావసిద్ధంగా నేరాలకు మొగ్గుతారని అభిప్రాయపడ్డారు. "స్వభావం" అనే ఆ మాట 1871 నాటిదే.

కులం వేరు, జాతి వేరు, రెంటినీ కలపరాదని మన ప్రభుత్వం అంతర్జాతీయ వేదికల మీద వాదిస్తూ వస్తున్నది. అన్ని రూపాల జాతివివక్షను నిర్మూలించే ఒడంబడికను భారతదేశం 1968లో ధ్రువీకరించింది. అందులో జాతి, వర్ణం అనే మాటల సరసనే "వంశం" అనే మాట ఉన్నది. వంశం అంటే కులం కూడా దానిలోకి వస్తుందని ఒడంబడికను పర్యవేక్షించే సంఘం 2002లో వివరణ ఇచ్చింది. 2007లో అలవాటుపడ్డ నేరస్థుల చట్టాన్ని రద్దు చేయమని భారతదేశానికి సిఫారసు చేసింది. పేరు ఏదైనా కావచ్చు. తల్లి గర్భం నుంచే అనుమానం మోసుకువచ్చే బిడ్డకు నిఘంటువుతో పనిలేదు.

ఇక్కడ న్యాయంగా ఒక ఆక్షేపణను వినాలి. పోలీసులు కూడా మన బిడ్డలే. నేరాలు జరిగే చోటు ఏదో, పాత నేరస్థులెవరో తెలియకుండా దర్యాప్తు ఎట్లా చేస్తారని వారు అడుగుతారు. ఆ ప్రశ్నలో నిజం ఉన్నది. వినయపిటకం మహావగ్గంలోనే దీనికి ఒక దారి కనిపిస్తుంది. పేరుపడ్డ దొంగకు, చెరసాల నుంచి పారిపోయినవాడికి, రాజుగారి పట్టీలోకి పేరెక్కిన దొంగకు ప్రవ్రజ్య ఇవ్వరాదని సంఘం నియమం పెట్టుకున్నది. ఆ నియమం అంగుళిమాలుని తరువాత, ప్రజల అభ్యంతరం విని పెట్టినది. కాబట్టి నేరపు పట్టీ ఉండరాదని బౌద్ధం అనలేదు. అయితే ఆ పట్టీలోకి మనిషి ఎక్కినది చేసిన పనిని బట్టి. ఫలానా కులంవాడికి ప్రవ్రజ్య ఇవ్వరాదనే నియమం మాత్రం వినయంలో లేదు. మంగలి ఉపాలి వినయధరులలో అగ్రగణ్యుడయ్యాడు, వాడిన పూలు ఊడ్చే సునీతుడు స్థవిరుడయ్యాడు. చేసిన పని రాసుకోండి, పుట్టిన ఇల్లు రాయకండి. పోలీసు సోదరులకు మా విన్నపం ఇంతే.

అంగుళిమాలుని కథను మనం బుద్ధుని కరుణ కోసం చదువుతాము. అందులో రాజును కూడా చూడండి. పసేనది ఐదువందల గుర్రాలతో అతడిని పట్టడానికి బయలుదేరాడు. ఆ మనిషి భిక్షువుగా కనబడితే ఏమి చేస్తావని బుద్ధుడు అడిగితే, నమస్కరించి వస్త్రాహారాలిస్తానన్నాడు. ఎదురుగా కూర్చున్నవాడే అంగుళిమాలుడని తెలియగానే రాజుకు ఒళ్ళు గగుర్పొడిచింది. అయినా ఇచ్చిన మాట తప్పలేదు. భిక్షకు వెళ్ళిన అంగుళిమాలుని మీద మాత్రం జనం రాళ్ళు వేశారు. గాయాలతో తిరిగి వచ్చిన అతడిని ఓర్చుకోమన్నాడు బుద్ధుడు. వేల ప్రాణాలు భయపడిన హంతకుడికి ఆ ఓర్పు తగినదే. ఏ పాపమూ ఎరుగని పిల్లవాడిని, తాతల నాటి రిజిస్టరు పేరు చెప్పి రాళ్ళతో కొట్టి, ఓర్చుకోమనడం ధర్మం కాదు. పూర్వజన్మ కర్మ అనేవారికి బాబాసాహెబ్ అంబేడ్కర్ "బుద్ధుడు, ఆయన ధమ్మం"లోనే సమాధానం ఇచ్చారు. పేదవాడి దుస్థితికి పూర్వజన్మను కారణం చేస్తే రాజ్యమూ సమాజమూ తమ బాధ్యత నుంచి తప్పించుకున్నట్టే అవుతుందని హెచ్చరించారు.

మరి మనం చేయగలిగినది ఏమిటి? పెద్ద మాటలు చెప్పము. రాజ్యాంగం 22వ అధికరణం ప్రకారం పట్టుకున్న కారణం చెప్పాలి, నచ్చిన న్యాయవాదిని పెట్టుకోనివ్వాలి, ఇరవైనాలుగు గంటలలో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. 1987 నాటి న్యాయసేవా ప్రాధికార సంస్థల చట్టం ప్రకారం షెడ్యూల్డు కులాలవారికి, తెగలవారికి, నిర్బంధంలో ఉన్న ఎవరికైనా ఆదాయంతో నిమిత్తం లేకుండా న్యాయవాదిని ఉచితంగా ఇవ్వాలి. ఈ రెండు వాక్యాలు ప్రతి విహారపు గోడమీద తెలుగులో రాయిద్దాము. మన సంఘంలోని న్యాయవాదులు నెలకొక రోజు సంచార జాతుల పేటలకు వెళ్ళాలి. ఉపాధ్యాయులు, ఉద్యోగులు ఠాణా గుమ్మం దాకా తోడు వెళ్ళాలి. ఒంటరిగా వెళ్ళిన మనిషికీ, నలుగురితో వెళ్ళిన మనిషికీ అక్కడ దొరికే మర్యాదలో ఎంత తేడా ఉంటుందో మీకు తెలుసు. చివరగా మన నోటిని మనం సరిచూసుకోవాలి. ఏదైనా వస్తువు పోతే మన మనసు మొదట ఎవరి వైపు పోతుందో, ఆ క్షణాన్ని పట్టుకుని చూడడమే సమ్యక్ స్మృతి.

ఆ కుర్రవాడు తరువాత ఉపాధ్యాయుడయ్యాడు. రెండేళ్ళ క్రితం ఒక శిక్షణ తరగతిలో మాకు ఎదురయ్యాడు. నమస్కారం పెట్టి కుశలం అడిగాడు. మేమే ఆ పాత సంగతి ఎత్తి, ఆ రోజు తప్పు జరిగిందన్నాము. కాసేపు ఊరుకుని, "సార్, కానిస్టేబులు వెతికినందుకు నాకు బాధ లేదండీ. మా నాన్న పెట్టె, మా తాత పెట్టె వెతికారు, మాకది అలవాటే. కానీ మీరు గుమ్మంలో ఉన్నారు. మీరేమైనా అంటారేమోనని చూశాను" అన్నాడు.

ఆ గుమ్మం ముందు మేము ఇప్పటికీ నిలబడే ఉన్నాము. ఈ సభలో ఉన్నవారిలో చాలామంది ఏదో ఒక రోజు అటువంటి గుమ్మంలో నిలబడవలసి వస్తుంది. ఆ రోజు మధురా నగరంలో కచ్చాయనుడు వేసిన ప్రశ్నను గట్టిగా, అందరికీ వినబడేటట్టు వేయండి. ఇతడు ఏమి చేశాడు?

అందరికీ మంగళమగుగాక. నమో బుద్ధాయ.